లిఫ్ట్ కిట్ అడిగేముందు బండిని ఒకసారి కాటా ఎక్కించండి

ముందు విషయం చెప్పేస్తాను. 2020 నుంచి వస్తున్న కొత్త మహీంద్రా థార్‌కి, థార్ రాక్స్‌కి ముందువైపు స్పేసర్లు పెట్టి బండి లేపే పని ఇకమీదట మా షాపులో చేయం. మారుతి జిమ్నీని రెండు ఇంచులకు మించి లేపం. లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, షాకర్ల సెట్టు) కోసం వచ్చే ప్రతి బండినీ కాటా వేయించి, ఆ స్లిప్ చూశాకే ఏ స్ప్రింగ్ వేయాలో చెబుతాం. దీనివల్ల కొంత వ్యాపారం పక్క షాపులకు పోతుందని తెలుసు. స్పేసర్ పని అంటే పొద్దున బండి వస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది, డబ్బులూ వెంటనే చేతికొస్తాయి. అయినా ఎందుకు మానేస్తున్నామో మా కస్టమర్లకు వివరంగా చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిపిన అసెంబ్లీని పైన ఛాసిస్‌కి బిగించే చోట పెట్టే మందపాటి బిళ్లనే స్పేసర్ అంటారు. కొత్త థార్‌కి ముందు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. అందులో షాకర్ కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. అందుకే పైన ఒక ఇంచు బిళ్ల పెడితే చక్రం దగ్గర దాదాపు రెండు ఇంచులు లేస్తుంది. ఇంత తక్కువ ఖర్చుకి ఇంత ఎత్తా అని అందరికీ ఆశ పుట్టేది ఇక్కడే. కానీ షాకర్ పొడవు ఏమీ మారలేదు, మొత్తం అసెంబ్లీ కిందికి జరిగిందంతే. చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు కంపెనీ పెట్టిన హద్దు దాటి ఆ రెండు ఇంచులూ కిందికి పోతుంది. అక్కడ సీవీ జాయింట్ (ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే కీలు) కోణం బాగా పెరుగుతుంది, పై ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్ దాని హద్దు చివర ఆగుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగినంత కాలం ఇవేవీ తెలియవు. వికారాబాద్ వైపు ఏ ఎర్రమట్టి దారిలోనో ఒక చక్రం వేలాడుతుండగా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తెలుస్తుంది. మొదటి గుర్తు చక్రం లోపలి అంచు మీద నల్లగా చిమ్మిన గ్రీజు. అంటే సీవీ జాయింట్ మీది రబ్బరు తొడుగు, అదే సీవీ బూటు, చిరిగిందన్నమాట. ఆ దశలో పట్టుకుంటే బూటు, గ్రీజు మార్చి బయటపడొచ్చు. అలాగే తిప్పితే మట్టి లోపలికి పోయి, మలుపు తిరిగేటప్పుడు టక్ టక్ మని చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వచ్చాక ఇక జాయింట్ మార్చాల్సిందే.

స్ప్రింగ్‌కీ దాని సీటుకీ మధ్య పెట్టే ఇంకో రకం బిళ్ల కూడా ఉంది. దానితో చక్రం హద్దు దాటి వేలాడదు, కాకపోతే కిందికి దిగే అవకాశమే తగ్గిపోతుంది. చిన్న గుంతకే షాకర్ చివరిదాకా సాగి ధన్ మని కొడుతుంది. అదీ వద్దు. పాత థార్, అంటే 2010 నుంచి 2020 దాకా అమ్మినది, దాని లెక్క వేరు. చాలా బండ్లకి ముందు టార్షన్ బార్ (స్ప్రింగ్ బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీ), వెనక కమాను పట్టీలు. ఆ పని ఎప్పటిలాగే చేస్తాం. అయితే టార్షన్ బార్ బోల్టు ఎడాపెడా బిగించి ముందుభాగం లేపమంటే మాత్రం చేయం. అదీ ఇదే జబ్బు.

ఇక కాటా సంగతి. "అన్నా, రెండున్నర ఇంచులు లేపు, చూస్తే దుమ్ము లేవాలి" అని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నేను ముందు అడిగేది, బండి మీద ఎప్పుడూ ఉండే బరువు ఎంత అని. స్టీల్ బంపర్ ఉందా, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) ఉందా, పైన రాక్ ఉందా, వెనక డ్రాయర్లు, ఫ్రిజ్ ఉన్నాయా? లిఫ్ట్ స్ప్రింగులు ఒకే ఎత్తుకి రెండు మూడు బరువుల్లో వస్తాయి. ఖాళీ బండికి ఒకటి, బంపర్ ఉన్నదానికి ఒకటి, బంపర్‌తో పాటు వించ్ కూడా ఉన్నదానికి ఇంకొకటి. పెట్టె మీద అన్నిటికీ అదే 40 లేదా 50 మిల్లీమీటర్లు రాసి ఉంటుంది. బరువు స్ప్రింగ్ తీసుకెళ్లి ఖాళీ బండికి వేస్తే అనుకున్నదానికంటే ఎక్కువ లేస్తుంది, పైగా స్పీడ్ బ్రేకర్ మీద ఖాళీ ట్రాక్టర్ ట్రాలీలా ఎగురుతుంది. తేలిక స్ప్రింగ్ బరువు బండికి వేస్తే ఖర్చుపెట్టి కొన్న లిఫ్ట్ నెలలోపే కిందికి వచ్చేస్తుంది.

లెక్క కష్టమేమీ కాదు. ఒక స్ప్రింగ్ మిల్లీమీటరు కుంగడానికి రెండు కిలోలు పడుతుందనుకోండి. జిమ్నీకి ముందు బంపర్, వించ్ కలిపి 80 కిలోలు పెట్టారు. ఒక్కో వైపు 40 కిలోలు, అంటే 20 మిల్లీమీటర్లు కుంగింది. బంపర్ చక్రాలకంటే ముందుకి ఉంటుంది కాబట్టి నిజంగా పడే బరువు ఇంకాస్త ఎక్కువే. 40 మిల్లీమీటర్ల కిట్‌లో సగం అక్కడే పోయింది.

అందుకే లారీలు తూచే కాటాకి వెళ్లమంటున్నాం. ట్యాంకు నిండా కొట్టించండి. థార్ ట్యాంకు 57 లీటర్లు, నిండా డీజిల్ ఉంటే దాదాపు 48 కిలోలు. ఎప్పుడూ మోసే సామానంతా బండిలోనే ఉంచండి. ముందు చక్రాలు మాత్రం కాటా మీదికి ఎక్కించి ఒక స్లిప్, మొత్తం బండి ఎక్కించి ఇంకొకటి తీసుకోండి. రెంటి తేడా వెనక బరువు. కాటా పది కిలోలు అటూ ఇటూ చూపించినా మన పనికి చాలు. కాటావాడు వింతగా చూస్తాడు, పట్టించుకోకండి.

ఆ స్లిప్పులు చూశాక కొంతమందికి లిఫ్టే అక్కర్లేదని చెబుతాం, ఎందుకంటే వాళ్ల బండి బరువుకి కుంగింది, దాన్ని కంపెనీ ఎత్తుకి తెస్తే సరిపోతుంది. ఇంకొంతమందికి కావాల్సింది టైర్లు. లిఫ్ట్ కిట్ ఛాసిస్‌ని, బాడీని లేపుతుంది. ముందు బంపర్ కొండరాయికి తగలకుండా, మధ్యలో బొడ్డు గట్టుకి ఆనకుండా అది పనికొస్తుంది. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండుని (శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్లు ఉండేది) మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా లేపదు. థార్‌కి వెనక, జిమ్నీకి ముందూ వెనకా ఆ గుండు యాక్సిల్‌తో కలిసే ఉంటుంది, దాని ఎత్తు టైరు మీదే ఆధారపడుతుంది. థార్‌కి కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు బదులు 255/70 ఆర్18 వేస్తే టైరు వ్యాసం 25 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందులో సగం, అంటే పన్నెండు పదమూడు, గుండు కింద ఖాళీగా వస్తుంది. చూడ్డానికి చిన్న సంఖ్యే కానీ, బండి రాయి మీద ఆగేది ఆ గుండు దగ్గరే.

వానకి తడిసిన నల్లరేగడిలో దిగినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. అక్కడ ఎంత ఎత్తు బండైనా టైరు గాడుల్లో మట్టి నిండిపోతే నున్నటి డ్రమ్ములా తిరుగుతుంది. గాలి 18–20 పీఎస్‌ఐకి దింపి, మట్టిని విదిల్చుకునే టైరు వేస్తే వచ్చే లాభం రెండు ఇంచుల లిఫ్ట్‌తో రాదు. రోడ్డెక్కగానే గాలి మళ్లీ నింపుకోవాలనుకోండి. పెద్ద టైరుకీ ఇబ్బందులున్నాయి. జిమ్నీకి 195/80 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే మీటరు 80 చూపించేటప్పుడు బండి నిజంగా 85 దగ్గర ఉంటుంది. ఆ 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కి ఎత్తు రోడ్లలో ఊపిరి అందదు.

జిమ్నీకి రెండు ఇంచుల హద్దు ఎందుకంటే, దానికి ముందు కూడా ఘన యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. లేపేకొద్దీ యాక్సిల్ కొద్దిగా తిరిగి కాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను నిటారుగా రావడం మానేస్తుంది, స్పీడులో బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. యాక్సిల్‌ని అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ కోణం మారి యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. అందుకే కాస్టర్ బుష్‌లు, సరిచేసుకునే పాన్‌హార్డ్ రాడ్లు లేకుండా ఉత్త స్ప్రింగులే వేయమంటే వేయం. రెండు ఇంచులు దాటితే బ్రేకు పైపుల పొడవు, యాక్సిల్‌కి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా చూసుకోవాలి. రోజూ ఆఫీసుకి నడిపే బండికి అదంతా అనవసరం.

పని ఎలా చేస్తామో కూడా చెప్పాలి, ఎందుకంటే బండి ఎక్కువసేపు ఎందుకు ఉంచుకుంటున్నారని అడుగుతున్నారు. కిట్ బిగించాక ఒక వైపు స్ప్రింగ్ తీసేసి, జాక్‌తో యాక్సిల్‌ని బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే దిమ్మ) తగిలేదాకా లేపుతాం. షాకర్ పూర్తిగా మూసుకోకముందే బంప్ స్టాప్ తగలాలి. అప్పుడే స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో, ఏబీఎస్ వైరు, బ్రేకు పైపు లాగుతున్నాయేమో చూస్తాం. ఆ తర్వాత బండి నేల మీద నిలబడి ఉండగా మాత్రమే ఆర్మ్‌ల బోల్టులు చివరి బిగింపు బిగిస్తాం. షాపులో బండిని ఎత్తే యంత్రం మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే లోపలి రబ్బరు బుష్ ఆ కోణంలోనే అంటుకుపోతుంది. కిందికి దించగానే మెలితిరిగి, ఎప్పుడూ మెలితిరిగే ఉండి, కొన్నాళ్లకి చీలిపోతుంది. మేం తీయని ఆర్మ్‌లకి కూడా బోల్టు వదులు చేసి మళ్లీ బిగించేది ఇందుకే. తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్ వెలుగుని కిందికి సర్దడం. ముందు కెమెరా ఉన్న రాక్స్ అయితే కెమెరా క్యాలిబ్రేషన్‌కి షోరూమ్‌కే వెళ్లాలి, అది మా దగ్గర కాదు.

ఖర్చు కూడా దాచను. స్పేసర్లు వేలల్లో అయిపోతాయి. స్ప్రింగులు, పొడవు షాకర్లు, బుష్‌లు కలిపిన మంచి కిట్ లక్ష దగ్గర మొదలవుతుంది. విడిగా రిజర్వాయర్ (అదనపు ఆయిల్ డబ్బా) ఉన్న షాకర్లు ఇంకా పైన. ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి వెళ్లొచ్చేవాళ్లకి రిజర్వాయర్ షాకర్లు అమ్మడం నాకు ఇష్టం లేదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరు మీద 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు పెట్టే బుల్ బార్ల మీద 2017 డిసెంబరు నుంచే కేంద్రం రాష్ట్రాలకు చర్య తీసుకోమని చెప్పింది. ఆర్టీఏవాళ్లు ఏమీ అనరని నేను హామీ ఇవ్వలేను, ఇచ్చే షాపుని నమ్మకండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. వారంటీ ఉన్న బండైతే సస్పెన్షన్, డ్రైవ్ షాఫ్ట్ క్లెయిములు పోయే అవకాశం ఉందని తెలిసే రండి. ఈ మాటలు విని వెనక్కి వెళ్లినవాళ్లున్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు.

ఇంతకుముందు మా దగ్గర ముందువైపు స్పేసర్లు వేయించుకున్న కొత్త థార్ ఓనర్లు బండి తీసుకొస్తే సీవీ బూట్లు, బాల్ జాయింట్లు చూసి చెబుతాం, దానికి డబ్బులు తీసుకోం. తీసేయమంటే తీసేస్తాం, లేబర్ సగమే. అలైన్‌మెంట్ మాత్రం బయట చేయించాలి కాబట్టి దాని ఖర్చు మీదే.

కొత్తగా కిట్ కోసం వచ్చేవాళ్లు ముందుగా పంపాల్సినవి: రెండు కాటా స్లిప్పుల ఫొటోలు, టైరు మీద రాసిన సైజు, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచిన ఎత్తు. సమతలంగా ఉన్న నేల మీద, బండిలో ఎవరూ లేకుండా కొలవండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎత్తు కూడా చూసుకోండి. థార్ ఎత్తు దాదాపు 1,850 మిల్లీమీటర్లు. దానికి లిఫ్ట్, టైర్లు, రాక్, రాక్ మీద సామాను కలిపితే సెల్లార్ దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు.