చావింట్లో ఒక్క రాత్రి తోడుందాం

సంపాదకులకు నమస్కారం.

నేను హిందూపురం దగ్గరి పల్లెలో పుట్టి, 34 ఏళ్ళుగా బెంగళూరులో ఉంటున్న రిటైర్డ్ లెక్కల టీచర్ని. మనిషి పోయిన ఇంట్లో ఆ రాత్రి ఎలా గడుస్తుందో దాని గురించి రాస్తున్నాను. ఈ ఊళ్ళో అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా అసోసియేషన్లు నడిపేవాళ్ళు చదవాలని నా కోరిక. ఉత్తరం కొంచెం పొడుగైంది, వీలుంటే పూర్తిగా వెయ్యండి.

మా అబ్బాయి సింగపూర్లో పనిచేస్తాడు. కోడలు అక్కడే నర్సు, ఫిలిప్పీన్స్ పిల్ల. 2025 జులైలో వాళ్ళమ్మగారు పోయారని అర్ధరాత్రి ఫోనొచ్చింది. ఆవిడను నేను పెళ్ళిలో ఒక్కసారే చూశాను, తర్వాత అంతా వీడియో కాల్లోనే. నన్ను ఆవిడ 'బలాయె' అని పిలిచేవారు. వియ్యాలవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాట అది. ఇంగ్లీషులో లేని ఈ చుట్టరికానికి వాళ్ళ టగాలొగ్ భాషలో పేరుందని తెలిసిన రోజు నుంచీ నేను ఆవిడను వదినా అనే పిలిచాను. వదిన పోతే వెళ్ళకుండా ఎలా ఉంటాను? ఇండియా పాస్‌పోర్టుంటే 14 రోజుల దాకా వీసా లేకుండా రావచ్చని ఆ దేశం అదే ఏడాది సడలింపు ఇచ్చింది. టికెట్టు కొనుక్కుని సింగపూర్ మీదుగా మనీలా చేరాను. అక్కడి నుంచి దక్షిణంగా దాదాపు 80 కిలోమీటర్లు పోతే వాళ్ళ ఊరు లిపా, బతాంగస్ ప్రావిన్సులో ఉంటుంది.

దారి పొడుగునా ఒకటే టెన్షన్, నేను చేరేసరికి అంతా అయిపోతుందేమోనని. మన లెక్కన పొద్దున పోతే సాయంత్రానికి తీసుకెళ్ళిపోతాం కదా. నేను ఆ ఇంటికి చేరింది మూడో రాత్రి. సగం వీధికి అడ్డంగా నీలం టార్పాలిన్ కట్టారు. దాని మీద వాన చప్పుడు. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో యాభై మంది దాకా ఉన్నారు, ఒక్కరూ నిద్రపోవడం లేదు. ముందుగదిలో అద్దం మూత ఉన్న పెట్టెలో వదిన. శరీరం పాడవకుండా మందులు ఎక్కించి ఉంచారు. పెట్టెకు అటూ ఇటూ దీపాలు, చుట్టూ తెల్ల చామంతులు. బయట ఒక టేబుల్ దగ్గర నలుగురు పేకాడుతున్నారు.

ఆ పేకాట చూసి నాకు కోపమొచ్చింది. లోపల శవాన్ని పెట్టుకుని బయట ఆటలా అనిపించింది. నా మొహం చూసి కోడలు పక్కన కూర్చుంది. "అత్తమ్మా, వాళ్ళు నిద్ర రాకుండా ఆడుతున్నారు" అంది. పెట్టె ఇంట్లో ఉన్నన్ని రాత్రులూ ఎవరో ఒకరు మేలుకునే ఉండాలట, పోయిన మనిషిని ఒంటరిగా వదలకూడదట. ఆటలో వచ్చిన డబ్బులో కొంత తీసి ఇంటివాళ్ళకు ఖర్చులకు ఇస్తారు. ఇలా రాత్రుళ్ళు కూర్చోవడాన్ని లామాయ్ అంటారు. పని ఎక్కువై ఎవరైనా రాత్రంతా మేలుకున్నా వాడేది అదే మాటట. అది వినగానే నా నోటికి జాగారం అన్న మాట వచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా తాత సాయంత్రం దీపాలు పెట్టే వేళ పోయాడు. తెల్లారేదాకా మా ఊరి భజన గుంపు వాకిట్లో కూర్చుని చెక్కలు వాయిస్తూ బ్రహ్మంగారి తత్వాలు పాడింది. మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్ళు రాగిసంగటి చేసి తెచ్చి మా పిల్లలకు వాళ్ళ చేత్తోనే తినిపించారు. ఇన్నేళ్ళలో నేనది ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ముక్కూ మొహం తెలియని దేశంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది.

లామాయ్ మామూలుగా మూడు నుంచి ఏడు రోజులుంటుంది. దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా ఆగాలన్నది అందులో పెద్ద కారణం. 2023లో వాళ్ళ ప్రభుత్వ లెక్క ప్రకారం బయటి దేశాల్లో పనిచేస్తున్న ఫిలిప్పీన్స్ వాళ్ళు 21.6 లక్షల మంది. మా కోడలి అన్న కూడా ఓడ మీద పనిచేస్తాడు. అతని ఓడ ఏదో ఒక రేవుకు చేరి, అక్కడ విమానం దొరికేదాకా అమ్మ ఎదురుచూడాలి. అమ్మతో పాటు ఊరూ ఎదురుచూస్తోంది.

ఆ రాత్రుళ్ళు వాళ్ళను మేలుకోబెట్టింది బరాకో కాఫీ. ఆ చుట్టుపక్కల పండే లిబెరికా అనే కాఫీ రకం, మన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడిన నాలుక కూడా దాని ఘాటుకు ఉలిక్కిపడుతుంది. దాంతోపాటు బిస్కెట్లు, వేరుశనక్కాయలు, వేయించిన పుచ్చగింజలు. రాత్రంతా టక్ టక్‌మని గింజలు కొరుకుతూనే ఉంటారు. తెల్లారేసరికి గచ్చు మీద నల్లటి పొట్టు పేరుకుపోయింది. కాస్త సాయం చేద్దామని చీపురు కోసం వెతుకుతుంటే కోడలి పిన్ని పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. లామాయ్ నడుస్తున్న ఇంట్లో ఊడవకూడదు. ఊడిస్తే చావు ఇంకొకరిని కూడా తీసుకుపోతుందని నమ్మకం. కోడలి తమ్ముడు, పాతికేళ్ళ కుర్రాడు, మోకాళ్ళ మీద కూర్చుని ఆ పొట్టును ఒక్కొక్కటే చేత్తో ఏరి ప్లాస్టిక్ కవర్లో వేస్తున్నాడు. రాత్రంతా నిద్ర లేదు అతనికి. కుర్చీల కింద, పెట్టె కింద, గుమ్మం సందుల్లో, దేన్నీ వదలకుండా ఏరాడు. నేనూ పక్కన కూర్చుని ఏరాను. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు పట్టింది.

వాళ్ళ పెరట్లో మునగచెట్టు ఉంది. ఆకు చూడగానే ప్రాణం లేచొచ్చింది, నాలుగు రెమ్మలు కోసి పప్పు చేద్దామనుకున్నాను. పిన్ని మళ్ళీ వద్దంది. ఒక రెమ్మ తుంచి, రెండు వేళ్ళ మధ్య పట్టి కిందికి లాగి చూపించింది. ఆకులన్నీ వరసగా రాలిపోయాయి. చావింట్లో మునగాకు వండితే మనుషులు కూడా అలాగే ఒకరి వెనక ఒకరు పోతారని వాళ్ళ భయం. మనం మునగాకు దూసేది సరిగ్గా అలాగే. ఇన్నేళ్ళు దూశాను గాని అందులో చావు కనిపిస్తుందని నాకు ఏనాడూ తట్టలేదు.

ఒక విషయానికి మాత్రం మనసు నొచ్చుకుంది. ఆ రాత్రి పడుకోవడానికి లాడ్జికి బయల్దేరితే మా వియ్యంకుడు, అన్నయ్యగారు, కుర్చీలోంచి లేవలేదు. గుమ్మం దాకా కూడా రాలేదు. అంత దూరం నుంచి వస్తే ఇదా మర్యాద అనుకున్నాను. మర్నాడు కవర్లో పెట్టి డబ్బిచ్చాను. అబులోయ్ అంటారు దాన్ని, వచ్చిన ప్రతివాళ్ళూ తోచినంత ఇస్తారు. ఆయన థ్యాంక్స్ కూడా చెప్పలేదు, చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు. తర్వాత తెలిసింది, అక్కడ చావింటివాళ్ళు వచ్చినవాళ్ళను సాగనంపకూడదు, పరామర్శకు కృతజ్ఞతలు చెప్పకూడదు. మనం చావింటి నుంచి కదిలేటప్పుడు వెళ్ళొస్తాం అనం కదా, చెప్పకుండా లేచి వచ్చేస్తాం. ఇదీ అదే. అన్నయ్యగారిని తప్పుగా అనుకున్నందుకు బాధపడ్డాను, కోడలితో ఆ మాట చెప్పించాను కూడా.

అయిదో రాత్రి రెండు గంటలకు కోడలి అన్న వచ్చాడు. భుజాన బ్యాగు, తడిసిన చొక్కా. అతను వీధి మలుపు తిరగగానే పేకాడుతున్నవాళ్ళు ముక్కలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. ఎవరినీ నిద్ర లేపాల్సిన పని పడలేదు. ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కాఫీ పొయ్యి మీదే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, దారి ఇచ్చారంతే. అతను లోపలికి పోయి అద్దం మీద చెయ్యి పెట్టి, తల మాత్రం వెనక్కి తిప్పుకుని ఏడ్చాడు. కన్నీళ్ళు పెట్టె అద్దం మీద పడకూడదట. తెల్లారేదాకా వాళ్ళమ్మతో మాట్లాడుతూనే ఉన్నాడు.

అది చూసి నేను తట్టుకోలేకపోయాను. ఎందుకో చెప్తాను.

2023 ఆగస్టులో మావారు పోయారు. ఆస్పత్రిలో పొద్దున తొమ్మిదిన్నరకు. మధ్యాహ్నానికి అపార్ట్‌మెంటుకు తీసుకొచ్చాం. లిఫ్టులో పైకి ఎక్కించడానికి వీల్లేదన్నారు. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో పుట్టినరోజు ఫంక్షనుంది, పిల్లలు భయపడతారు, బేస్‌మెంట్లో రెండు గంటలు ఉంచుకోండి అన్నారు. పంతొమ్మిదేళ్ళు ఆ బిల్డింగులో ఉన్న మనిషిని రెండు కార్ల మధ్య ఫ్రీజర్ బాక్సులో పెట్టుకుని కూర్చున్నాం. ఆస్పత్రి మార్చురీలోనే ఉంచితే రేపు చేసుకోవచ్చని ఎవరో అన్నారు. ఆయన్ని అక్కడ ఒక్కణ్ణే వదలడానికి నాకు మనసొప్పలేదు. చివరికి సాయంత్రం అయిదున్నరకు విద్యుత్ శ్మశానానికి తీసుకెళ్ళాం. మా అబ్బాయి సింగపూర్ నుంచి దిగి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. అప్పటికి వాళ్ళ నాన్న లోపలికి వెళ్ళి పావుగంటయింది. కర్మ చేసింది మా మరిది. ఆ రాత్రి ఇంట్లో నేను, మా అబ్బాయి, ఇద్దరమే ఉన్నాం. ఫోన్లో ఓం శాంతి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు.

లిపాలో ఏడో రోజు పొద్దున చర్చిలో ప్రార్థన, తర్వాత వాన బురదలోనే అందరం నడిచి శ్మశానానికి వెళ్ళాం. గోడలోకి అరలు అరలుగా కట్టిన సమాధులున్నాయి అక్కడ, వాటిని అపార్ట్‌మెంట్ అనే అంటారు. ఆ మాట చెవిన పడగానే నాకు బేస్‌మెంటు కళ్ళ ముందు నిలిచింది. మా అబ్బాయి కూడా అదే అనుకున్నాడేమో, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాళ్ళకు తొమ్మిది రోజుల ప్రార్థనలుంటాయి, పసియామ్ అంటారు. మళ్ళీ నలభయ్యో రోజు, ఏడాదికి బాబాంగ్ లుక్సా. మన దినాలు, సంవత్సరీకం లాంటివే. అవన్నీ మనం కూడా శ్రద్ధగానే చేస్తున్నాం. మనం పోగొట్టుకున్నది ఆ మొదటి రాత్రినే.

మా అసోసియేషన్ వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. 240 ఫ్లాట్లున్న చోట మనిషి పోతే ఏం చెయ్యాలో ఎవరూ ముందుగా అనుకోలేదు, అంతే. సోఫాలు ఏ లిఫ్టులో ఎక్కించాలో, డ్రిల్లింగ్ ఎన్నింటికి ఆపాలో మా రూల్సులో రాసి ఉంది. పోయిన మనిషిని ఎక్కడ ఉంచాలో కూడా రాయమంటున్నాను. కమ్యూనిటీ హాలు ఆ ఒక్క రాత్రికి ఇవ్వండి, వేరే ఫంక్షనుంటే అది ఇంకో రోజుకు మారుతుంది. స్ట్రెచర్ పట్టే లిఫ్టు తాళం, ఫ్రీజర్ బాక్సు వాళ్ళ నంబరు సెక్యూరిటీ దగ్గర ఉండాలి. రెండేసి గంటల చొప్పున తెల్లారేదాకా వంతులేసుకుని కూర్చోవడానికి ఓ పది పేర్లు ఉంటే చాలు. బెంగళూరులో ఇన్ని తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికి, కార్తీక వనభోజనాలకు అంత బాగా కలుస్తున్నాం, దీనికి కూడా ఒక జట్టు కట్టలేమా?

మైల సంగతి అడుగుతారని తెలుసు. ఆ భయం వాళ్ళకూ ఉంది. లామాయ్ నుంచి నేరుగా ఇంటికి పోరు, దయ్యం వెంట వస్తుందని దారిలో ఏదో కొట్టు దగ్గర ఆగి అప్పుడు వెళ్తారు. దాన్ని పగ్‌పగ్ అంటారు, దులుపుకోవడం అని అర్థం. దులుపుకుని ఇంటికి వెళ్తారు, మర్నాడు రాత్రికి మళ్ళీ వస్తారు. మనకైతే తలస్నానం చాలు.

పోయిన నెల మా పక్క బ్లాకులో ఒక ఒడియా అమ్మాయి వాళ్ళ నాన్నగారు పోయారు. తమ్ముడు పుణె నుంచి రావాలి. నేను సెక్రటరీ ఇంటికి వెళ్ళి గట్టిగా అడిగితే కింది అంతస్తులో ఖాళీ ఫ్లాటు తెరిపించారు. ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని పది గంటలకు వెళ్ళి కూర్చున్నాను. పదకొండు దాటాక పైఫ్లోరులో ఉండే గుంటూరు దంపతులు వచ్చారు, తర్వాత సెక్యూరిటీ డ్యూటీ దిగిన అబ్బాయి. పేకముక్కలు లేవు, భజన రాదు, ఊరికే కూర్చున్నాం. నాలుగు గంటలప్పుడు ఆ అమ్మాయి నోరు తెరిచి వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసిన రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. కాఫీ అప్పటికి చల్లారిపోయింది. అయినా తాగింది.

మా జనరల్ బాడీ మీటింగ్ వచ్చే నెల రెండో ఆదివారం. ఈ ఉత్తరం మీరు వేస్తే ఆ పేపరు పట్టుకుని వెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
రామమూర్తినగర్, బెంగళూరు