కుళ్లాయప్ప ఏ పట్టీలోకి వస్తాడు?

సంపాదకుల వారికి నమస్కారం.

పుట్టిన బిడ్డకు పేరు వెతుక్కునే తల్లిదండ్రుల కోసం ఆదివారం అనుబంధాల్లోనూ ఫోన్ యాప్‌లలోనూ పేర్ల జాబితాలు వస్తూనే ఉంటాయి. హిందూ పేర్లు ఒక పట్టీ, ముస్లిం పేర్లు ఇంకో పట్టీ, క్రైస్తవ పేర్లు మరో పట్టీ. ఒక్కో పేరు పక్కన రెండు ముక్కల్లో అర్థం. ఆ అర్థాల్లో చాలావాటికి ఆధారం లేదు. ఇక ఆ పట్టీలుగా విడగొట్టడం మన ఊళ్ల సంగతి ఎరగనివాళ్లు చేసే పని.

అర్థాల సంగతి ముందు చెప్పేస్తాను. ఆరవ్ అంటే ప్రశాంతత అని రాస్తున్నారు. సంస్కృతంలో ఆరవం అంటే చప్పుడు, అరుపు. మిష్కా అంటే ప్రేమ కానుకట. రష్యాలో మిఖాయిల్ అనే మగపిల్లవాణ్ణి ముద్దుగా అలా పిలుస్తారు. పిలవడానికి బాగుందని ఆ పేర్లు పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ అచ్చు వేసేవాళ్లు ఒకసారి నిఘంటువు తిరగేయాలి కదా.

విడగొట్టడం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. మా అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు అనే ఊరుంది. మొహర్రం రోజుల్లో అక్కడ కుళ్లాయిస్వామికి ఉత్సవం జరుగుతుంది. పీర్లు ఎత్తుతారు, అగ్నిగుండం తొక్కుతారు, చక్కెర చదివిస్తారు. అదే ఊళ్లో ఆంజనేయస్వామి గుడి. వచ్చినవాళ్లు ఇద్దరికీ మొక్కి పోతారు. కుళ్లాయి అంటే టోపీ, పారశీకంలోని ‘కులాహ్’ నుంచి వచ్చిన మాట. సంతానం కోసం మొక్కుకున్నవాళ్లు కొడుకు పుడితే కుళ్లాయప్ప అని, కూతురు పుడితే కుళ్లాయమ్మ అని పేరు పెడతారు. ఆ ఇళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఈ పేరును మీ ఏ పట్టీలో వేస్తారు?

నా దగ్గర పదో తరగతి చదివి వెళ్లిన ఒక కుళ్లాయప్ప దూరప్రాంతం హాస్టల్లో చేరాడు. చేరిన వారానికే అందరికీ ‘ట్యాప్’ అయిపోయాడు. పేరు మార్చుకోవాలి, గెజిట్‌కు ఏమేం కావాలి సార్ అని నన్ను అడగడానికి వచ్చాడు. కొత్త పేరు అప్పటికే చీటీ మీద రాసిపెట్టుకున్నాడు. గూగూడు మొక్కు సంగతి వాళ్లమ్మ చెప్పిందట గానీ, కుళ్లాయి అంటే ఏమిటో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసిందంతా చెప్పాను, శ్రద్ధగా విన్నాడు. అయినా దరఖాస్తు పెట్టాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. ఆ వెక్కిరింతలు పడింది వాడు.

దస్తగిరి కూడా అలాంటి పేరే. చివర ‘గిరి’ ఉంది కాబట్టి ఏదో కొండ పేరు అనుకుంటారు. పారశీకంలో దస్త్ అంటే చెయ్యి, దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి అది బిరుదు. రాయలసీమలో ఆ పేరు హిందువులకూ ఉంది. నెల్లూరు దగ్గర కసుమూరు దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న మస్తానయ్యలూ మస్తానమ్మలూ కోస్తాలో ఎంతమందో. దైవధ్యానంలో ఒళ్లు మరిచినవాడు మస్తాన్. హుస్సేన్ అంటే అరబ్బీలో చక్కనివాడు. అంటే మా ఉసేనప్ప, మీ సుందర్రావు ఒకటే. కానీ ఒక దరఖాస్తు కేంద్రంలో మస్తానమ్మ అనే అమ్మాయి పేరు చూసి, అడగనైనా అడగకుండా ముస్లిం అని టిక్కు పెట్టేశారు. అది సరిచేయించుకోవడానికి వాళ్ల నాన్న కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

ఇక ఏ జాబితాలోనూ కనిపించని పేర్లున్నాయి: పెంటయ్య, పుల్లమ్మ, బిచ్చమ్మ. సినిమాల్లో నవ్వించడానికి ఈ పేర్లు పెడుతుంటే నాకు బాధేస్తుంది. పుట్టిన బిడ్డలు వరసగా దక్కకుండా పోయిన తల్లి, ఈ బిడ్డనైనా చావు కన్నెత్తి చూడకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకునేది. పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తట్లో, దొర్లించేది. ఇరుగుపొరుగు దగ్గర బిచ్చం ఎత్తినట్టు చేసేది. ఆ భయంలోంచి వచ్చిన పేర్లివి. మంగోలియాలో ఇదే భయంతో నెర్గుయ్ అని పెడతారు, పేరు లేనివాడని అర్థం. ఎనెబిష్ అంటే ‘ఇది కాదు’. తుర్కీవాళ్ల దుర్సున్‌కు ‘నిలవనీ’ అని అర్థం. నైజీరియాలో యొరూబా వాళ్లు కొకుమో అంటారు, ఇక చావడని. పుట్టిన పిల్లలు దక్కని ప్రతిచోటా తల్లులు ఇదే చేశారు.

మతాలు వేరైనా అర్థం ఒకటే అయిన పేర్లు ఎన్నో. సంస్కృతంలో దేవదత్తుడు, హీబ్రూలో నతనయేలు, గ్రీకులో థియోడోర్, మన పల్లెల్లో అల్లాబక్షు: అందరూ దేవుడిచ్చిన బిడ్డలే. 18వ శతాబ్దంలో తిరువితాంకూరు (ట్రావన్‌కోర్) సంస్థానంలో నీలకంఠ పిళ్లై క్రైస్తవం తీసుకుని లాజరు అనే పేరును తన భాషలో దేవసహాయం అని పెట్టుకున్నాడు. 1752లో ఆయన్ను చంపారు. 2022లో వాటికన్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. దేవసహాయం అనే పేరు మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలోనూ ఉంది.

నేను కోరేది ఇదే. మీ పత్రికలో పేర్ల జాబితా వేసేటప్పుడు మతం బదులు భాష రాయండి. ఏ దర్గా మొక్కో, ఏ ఊరి దేవతో, ఏ గ్రంథంలోదో తెలిస్తే ఒక వాక్యం చేర్చండి. ఆధారం దొరకని అర్థాన్ని వదిలేయండి. కొత్త పేర్లతో పాటు మన ఊళ్ల పాత పేర్లకు కూడా వారానికి కాస్త చోటివ్వండి. ఆ పేర్లు ఎందుకు పెట్టారో పాఠకులనే అడగండి. చెప్పగలిగిన అవ్వాతాతలు ఇంకా ఉన్నారు. మొదటి వారానికి గూగూడు గురించి కావాలంటే నేనే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా