పేరు చెప్పని అయ్యవారికి దండాలు

దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు కూలికి పోయిన మా ముత్తాత కోసం ఓడ జాబితాల్లో 'చిత్తూరు జిల్లా' అని వెతుకుతుంటే ఆపి దారి చూపిన అయ్యవారూ, మీకు దండాలు. ఆ జిల్లా పుట్టిందే 1911లో. నెటాల్‌కు కూలీల ఓడలు ఆగిపోయిందీ ఆ ఏడే! అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. జిల్లా గడిలో చూడాల్సింది ఆ రెండు పేర్లే.

ఇంటిపేరు చిక్కు కూడా మీరే విప్పారు. జాబితాలో దానికి గడే లేదు. ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు లాంటివే. అందుకే అక్కడ కొందరికి తండ్రి పేరో, 'నాయుడు', 'రెడ్డి' లాంటి కులబిరుదో ఇంటిపేరైపోయింది. దాన్ని పట్టుకుని ఇక్కడ ఊళ్లో అడిగితే ఎవరు చెప్తారు? నమ్మాల్సింది నంబరునే. పెళ్లి, మరణం కాగితాల్లోనూ చాలాసార్లు అదే ఉంటుంది.

ఊరి పేరు మటుకు గుమస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసిందే. కంటితో కాదు, గట్టిగా పైకి చదివి పోల్చుకోవాలి. ఒకే పేరు ఊళ్లు నాలుగుంటాయి కాబట్టి పక్కనున్న తాలూకా గడి వదలకూడదు. మేం వదిలిందదే.