పెద్ద మోడల్ విమానాన్ని బొమ్మ అనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పెద్ద సైజు రేడియో కంట్రోల్ విమానాల ఫొటోలు వేశారు, చాలా సంతోషం. ఇన్నేళ్లుగా నేను ప్రాణంగా చేసుకుంటున్న పని పేపర్లో కనిపించేసరికి రెండుసార్లు చదివాను. కానీ పైన "ఎగిరే బొమ్మలు" అని పెట్టి, చివర్లో కిట్ తెచ్చుకుంటే సెలవుల్లో పిల్లలే బిగించి ఎగరేసుకోవచ్చు అన్నారు చూడండి, ఆ మాటకే భయం వేసి ఇది రాస్తున్నాను.

చేతిలో పట్టే ఫోమ్ విమానానికైతే ఆ మాట సరిపోతుంది. మీరు ఫొటోలు వేసినవి అవి కావు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 80 అంగుళాలు, అంటే రెండు మీటర్ల పైన ఉంటే దాన్ని జెయింట్ స్కేల్ అంటాం, రెండంతస్తుల రెక్కలున్న బైప్లేన్‌కి 60 అంగుళాలు చాలు. 12 కిలోల విమానం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, 12 కిలోల మూట 39 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు 13వ అంతస్తు నుంచి పడ్డట్టే.

చిన్న విమానం ప్లాన్ తీసుకెళ్లి జిరాక్స్‌లో రెండింతలు చేయించి అలాగే కట్టేద్దాం అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. పొడవు రెండింతలైతే రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, కానీ అదే చెక్కతో అదే పద్ధతిలో కడితే బరువు ఎనిమిదింతలవుతుంది. రెక్క మీద పడే భారం రెట్టింపు కాబట్టి నేల వదలడానికీ, దిగడానికీ దాదాపు 40 శాతం ఎక్కువ వేగం కావాలి. అందుకే పెద్ద విమానం కట్టడంలో సగం పని బరువు తగ్గించడమే. బాల్సా అనే చాలా తేలికైన చెక్క ముక్కల్ని ఒక్కొక్కటీ తూకం వేసి, తేలికైనవి తోకకి ఏరి పెట్టుకుంటాం. తోక పొడుగు, ముక్కు పొట్టి, అందుకని వెనక 100 గ్రాములు ఎక్కువైతే బ్యాలెన్స్ కోసం ముందు 200, 300 గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది.

నా రెండో పెద్ద విమానం సంగతి చెప్తాను. ఎనిమిది నెలలు కట్టాను. తోక మీద పైకీ కిందికీ కదిలి విమానాన్ని ఎత్తే, దింపే పలకని ఎలివేటర్ అంటాం. దాన్ని కదిపే చిన్న మోటారు, అంటే సర్వో, పాత చిన్న విమానంలోదే వాడాను, దాని చేతికున్న రంధ్రం కాస్త అరిగి ఉంది. ఎలివేటర్ అంచు వేలితో పట్టుకుని కదిపితే మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఆడేది, తర్వాత మారుద్దాంలే అని వదిలేశాను. మూడోసారి ఎగరేసినప్పుడు పైనుంచి స్పీడుగా కిందికి దింపుతుంటే తుమ్మెద రొద లాంటి మోత వచ్చింది. మేం దాన్ని ఫ్లట్టర్ అంటాం, గాలికి ఎలివేటర్ తనంతట తానే కొట్టుకోవడం. రెండు సెకన్లలో ఒక పక్క ఊడిపోయింది, చేతిలోని రిమోట్, అంటే ట్రాన్స్‌మిటర్ మీద నేనేం చేసినా విమానం వినలేదు. మేం నిలబడ్డ చోటికి 40 అడుగుల దూరంలో, ఇంజిన్ మట్టిలో కూరుకుపోయేలా పడింది. మా వెనకే పిల్లలు కూర్చుని చూస్తున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఎలివేటర్‌కి 20 కిలో-సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, దాటిన మెటల్ గేర్ సర్వోలే వాడుతున్నాను. సర్వో నుంచి ఎలివేటర్‌కి వెళ్లే పుష్‌రాడ్ అనే కడ్డీలు పొట్టిగా, వంగకుండా ఉండాలి, వాటి చివర వదులు లేకుండా పట్టే బాల్ లింకులు ఉండాలి, ఎలివేటర్‌ని తోకకి కలిపే హింజ్ (మడత బందు) దగ్గర సందు టేపుతో మూసేయాలి. స్విచ్ వేసి ఎలివేటర్ అంచు పట్టుకుని కదిపితే అస్సలు ఆడకూడదు, ఆడితే ఆ రోజు ఇంట్లోంచి బయటికే తీయను.

ఇంజిన్ సంగతీ రాయాలి. 50 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కి 22 అంగుళాల ప్రొపెల్లర్ వేస్తే, నిమిషానికి 6,500 చుట్లు తిరిగేటప్పుడు దాని కొస వేగం గంటకు 680 కిలోమీటర్లు. మీరు వేసిన ఒక ఫొటోలో ఇంజిన్ తిరుగుతుంటే ఒక బాబు దానికి పక్కగా, ప్రొపెల్లర్ తిరిగే గీతలోనే నిలబడి ఉన్నాడు. ప్రొపెల్లర్ ముక్క విరిగితే నేరుగా అటే వస్తుంది. అందరూ దాని వెనక ఉండాలి, తోకని కట్టేసి ఉంచాలి. విమానాన్ని అలా కట్టి ఉంచి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూడాలి, సిగ్నల్ పోగానే ఇంజిన్ స్లో అవ్వాలి లేదా ఆగిపోవాలి. దాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు, అది సెట్ చేయకుండా ఎగరేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పిల్లల్ని దూరం పెట్టమని కాదు నేననేది. మా అమ్మాయి పదకొండేళ్లప్పుడు ఒక విమానం రెక్క లోపల పక్కటెముకల్లా ఉండే రిబ్బులన్నీ ఉప్పు కాగితంతో తనే రుద్దింది, నాకంటే నున్నగా వచ్చాయి. ఎగరేయడం మాత్రం ముందు సిమ్యులేటర్ మీద, తర్వాత చిన్న ట్రైనర్ విమానంతో, నా ట్రాన్స్‌మిటర్‌కి తనది కలిపి నేర్చుకుంది. పెద్దది తన చేతికివ్వడానికి నాలుగేళ్లు పట్టింది.

ఈసారి ఈ విషయం మీద రాసేటప్పుడు పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించకముందు రెక్క లోపల ఎలా ఉంటుందో, లింకులు ఎలా బిగిస్తారో ఆ ఫొటో కూడా వేయండి. నా దగ్గర ఉన్నాయి, అడిగితే పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు