మిట్టమధ్యాహ్నపు బూచి

కాకినాడ

బుజ్జీ,

ఫోన్లో చెబితే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఎడిన్‌బరాలో నీకు డ్యూటీ పడి, టికెట్టు వృథా పోతుందని నన్నొక్కదాన్నే కచేరీకి పంపావు చూడు, ఆ రోజు సంగతి. ఎలా ఉందమ్మా అంటే బాగుందని ఊరుకున్నాను.

మొదట వాయించింది మెండెల్సన్ ‘హెబ్రిడీస్’. 1829లో స్కాట్లండ్ చూడ్డానికొచ్చిన ఇరవయ్యేళ్ళ జర్మన్ కుర్రాడు, అక్కడి హెబ్రిడీస్ దీవుల్ని చూడగానే తోచిన స్వరాలను ఇంటికి రాసే ఉత్తరంలోనే వేసి పంపాడట. మర్నాడు పడవెక్కి స్టాఫా దీవిలో ఫింగల్ గుహకి వెళ్తే ఒకటే కడుపులో తిప్పడం. హోప్ ఐలాండ్ పడవలో మీ నాన్న అవస్థ గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. పక్కాయన అదోలా చూశాడు. మూడేళ్ళ తర్వాత కూడా ఆ అబ్బాయికి తృప్తి లేదు. మధ్యభాగంలో చేపనూనె, ఉప్పుచేపల కంటే సంగీతశాస్త్రం వాసనే ఎక్కువ కొడుతోందని అక్కకు రాసుకున్నాడు. నాకైతే రేవు వాసన బాగానే తగిలింది.

అసలు చెప్పాలనుకున్నది రెండోదాని గురించి. చెక్ స్వరకర్త ద్వోర్జాక్ 1896లో కట్టిన ‘మధ్యాహ్నపు మంత్రగత్తె’. ఎర్బెన్ అనే చెక్ కవి రాసిన జానపద గాథ. తల్లి వంటలో ఉంటుంది, పిల్లాడు ఒకటే పేచీ. బొమ్మ కోడిపుంజు కూతని ఓబో వాయిస్తుంది, మన సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాద్యం. విసిగిపోయి ‘ఉండు, మంత్రగత్తెను పిలుస్తా’నంటుంది తల్లి. అది నిజంగానే వచ్చేస్తుంది. వయొలిన్ల గొంతు నొక్కినట్టయి, అడుగు నుంచి బొంగురు వాద్యమేదో పాకుతూ వస్తుంది. పిల్లాణ్ణి గుండెకు అదుముకుంటుంది తల్లి. పన్నెండు గంటలు కొడతాయి. భోజనానికొచ్చిన తండ్రికి స్పృహ తప్పిన భార్య కనబడుతుంది. ఆవిడ తేరుకుంటుంది. పిల్లాడికి మాత్రం ఊపిరుండదు.

మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందకి పోవద్దని మా అమ్మమ్మా అనేది. అంత దూరాన వాళ్ళకీ ఆ వేళంటేనే భయమా!

ఆ గంట మోగుతుంటే నా చేతులు చల్లబడ్డాయే. నీకు మూడేళ్ళప్పుడు, అన్నం తినకుండా సతాయిస్తుంటే బూచాడొచ్చాడన్నాను. తలుపు దబదబా మోగింది. నువ్వు మంచం కిందకి దూరావు, రాత్రికి జ్వరం. ఎవరు కొట్టారో ఇన్నేళ్ళూ నువ్వడగలేదు, నేనూ చెప్పలేదు.

వెనక చెయ్యి పెట్టి, అట్లకాడతో నేనే కొట్టాను.

మాగాయ సీసాలో తడిగరిటె పెట్టకు.

అమ్మ