కళ్ళకలక సెలవులు, చూపు ఆనని కళ్ళు, చెవిలో నూనె: తల్లిదండ్రులకు ఆగస్టు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

పది రోజులుగా బడి గేటు దగ్గరా, మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే ప్రశ్న నడుస్తోంది. ఆరో తరగతి ఎ సెక్షన్‌కి సెలవులు ఇచ్చి, ఎర్రకళ్ళతో ఇద్దరు పిల్లలున్న ఏడో తరగతికి ఎందుకు ఇవ్వలేదని. ఆరో తరగతిలో వారం తిరిగేసరికి పదకొండు మందికి వచ్చింది కళ్ళకలక. ఏడో తరగతి పిల్లలిద్దరిదీ ఎలర్జీ. మొదటిది అంటుకుంటుంది, రెండోది అంటుకోదు. అందుకే ఆ తేడా. ఆ ఇద్దరి పక్కన కూర్చోవద్దని మీ పిల్లలకు చెప్పినవారు దయచేసి ఈ రోజే ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఏది ఏదో ఇంట్లోనే చాలావరకు పోల్చుకోవచ్చు. వైరస్‌తో వచ్చే కళ్ళకలక ముందు ఒక కంట్లో మొదలై, రెండు మూడు రోజుల్లో రెండో కంటికి పాకుతుంది. కన్ను ఎర్రబడి, రెప్పలు ఉబ్బి, నీళ్ళు ఆగకుండా కారతాయి. ఇసుక పడ్డట్టు గరగరలాడుతోందంటారు పిల్లలు. చెవికి ముందు భాగంలో వేలితో తడిమితే చాలామందికి చిన్న బిళ్ళలా తగులుతుంది, నొక్కితే నొప్పి ఉంటుంది. అంతకు ముందే జలుబో గొంతు నొప్పో వచ్చి ఉంటుంది. బాక్టీరియాతో వచ్చినదైతే చిక్కటి పసుపుపచ్చ పుసులు కడతాయి, తెల్లారేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. ఎలర్జీకి అసలు గుర్తు దురద. రెండు కళ్ళూ ఒకేసారి దురద పెడతాయి, పుసి తీగలా సాగుతుంది, ఎండాకాలంలోనో దుమ్ములో తిరిగినప్పుడో ఎక్కువవుతుంది. దురదే లేకపోతే ఎలర్జీ అనుకోకండి. ఎలర్జీ ఉన్న పిల్లలు కళ్ళు నలుపుకోకుండా చూడడం పెద్దల పని. ఏళ్ళ తరబడి గట్టిగా నలిపితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర పలచబడి ముందుకు శంకువులా పొడుచుకురావచ్చు. అప్పుడు అద్దాలతో కూడా చూపు సరిగా నిలవదు.

కళ్ళకలక ఉన్నవారి కళ్ళలోకి చూస్తే అంటుకోదు. నల్లకళ్ళద్దాలు వెలుతురు గుచ్చుకోకుండా కాపాడతాయే తప్ప జబ్బును ఆపవు. కన్ను తుడుచుకున్న చెయ్యి, అదే చెయ్యి తగిలిన పెన్ను, తువ్వాలు, తలగడ గలేబు, ఇంట్లో అందరూ వాడే చుక్కల మందు సీసా, వీటి ద్వారానే పాకుతుంది. పిల్లవాడి తువ్వాలు, గలేబు వేరు చేసి రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. పుసులు తుడవాలంటే కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచిన దూదితో ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచి, ఆ దూది పారేసి, ఇంకొకటి తీసుకోండి. నీళ్ళు కారడం, పుసులు పూర్తిగా ఆగాకే బడికి పంపండి. కొందరికి వారంలో తగ్గుతుంది, కొందరికి రెండు వారాలూ పడుతుంది. పొద్దున్న రెప్పలు కడిగి, "దుమ్ము పడింది, అంతే టీచర్" అని డైరీలో రాసి పంపిన ఇళ్ళు ఆ వారంలో నాలుగున్నాయి. మీకు డ్యూటీ ఉంటుంది, పిల్లవాణ్ణి ఇంట్లో చూసుకునేవారు ఉండరు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఆ నాలుగు ఇళ్ళ వల్ల మిగతా ఏడు ఇళ్ళలో మరొకరి డ్యూటీ పోయింది.

చుక్కల మందు సంగతి కూడా. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఎరుపు తగ్గిస్తుంది కాబట్టి మంచి మందనిపిస్తుంది. డాక్టరు చెప్పకుండా వాడితే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు, నల్లగుడ్డు మీద పుండు ఉంటే అది లోతుకు దిగుతుంది. చనుబాలు, ఆకు పసర్లు, తేనె, ఆముదం ఏవీ కంట్లో వెయ్యకండి. ఈ గుర్తులు కనబడితే మాత్రం ఇంట్లో ఏ ప్రయత్నమూ చెయ్యకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి: కన్ను సలుపుతూ నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, పుసి తుడిచాక కూడా మసక, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. తమలపాకుల్లోకి వాడే సున్నం కంట్లో పడితే డాక్టరు దగ్గరకు పరిగెత్తే ముందే, ఆ నిమిషంలోనే, రెప్పలు విడదీసి పట్టుకుని కుళాయి నీళ్ళతో అరగంట కడగాలి. రెప్ప కింద ఇరుక్కున్న సున్నపు పలుకులు కూడా పోవాలి. ఇళ్ళల్లో సున్నం ప్యాకెట్లు పిల్లలకు అందే చోట ఉంటున్నాయి, తీసెయ్యండి.

రెప్ప అంచున వచ్చే కంటి కురుపు దీనికి పూర్తిగా వేరు, అంటుకునే జబ్బు కాదు. గోరువెచ్చని గుడ్డతో రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు కాపడం పెట్టండి, పిండొద్దు.

ఎర్రబడిన కన్ను గురించి ఇంత చర్చ జరిగింది కదా, తెల్లగా, నిమ్మళంగా ఉండి చూపు ఆనని కన్ను గురించి ఈ ఏడాది ఒక్కరూ నాకు ఫోన్ చెయ్యలేదు. నా బెంగంతా దాని గురించే.

ఇక్కడ మన పదో తరగతి పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. త్రికోణమితి పాఠం మొదలైన వారంలోనే నలుగురు అమ్మాయిలు, ఒక అబ్బాయి కలిసి కంటి పరీక్ష చార్టు తయారుచేశారు. ఆరోగ్యమైన కన్ను ఆరు మీటర్ల దూరం నుంచి చదవగల అక్షరం కంటి దగ్గర చేసే కోణం డిగ్రీలో పన్నెండో వంతు. దాని టాన్ విలువను ఆరు మీటర్లతో గుణించి, ఆ అక్షరం ఎత్తు 8.7 మిల్లీమీటర్లని లెక్కకట్టారు. 6/12 వరుసకు, అంటే మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదవగల వరుసకు, దానికి రెట్టింపు, పైనున్న పెద్ద అక్షరానికి పది రెట్లు. స్కేలుతో కొలిచి, మూడు కాళ్ళ ఇంగ్లిషు E అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి గీశారు. అక్షరాలు రాని ఒకటో తరగతి పిల్లలు కూడా కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. వరండాలో ఆరు మీటర్లు సున్నంతో గీత గీసి, ఒక కన్ను అరచేత్తో, గుడ్డు మీద నొక్కకుండా, వేళ్ళ సందుల్లోంచి చూడకుండా మూయించి, ఐదో తరగతి దాకా అందరినీ పరీక్షించారు. ఈ బడిలో ఇన్నేళ్ళలో గోడకెక్కిన చార్టుల్లో ఇంత పనికొచ్చింది ఇంకొకటి లేదు.

ఆ గీత దగ్గర ఒక మూడో తరగతి పాప కుడి కంటితో కింది వరుస దాకా చకచకా చూపించింది. కన్ను మార్చగానే పైనున్న పెద్ద అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. తనకు ఒక కన్ను ఆనడం లేదని ఆ పాపకూ తెలియదు, ఇంట్లోవాళ్ళకూ తెలియదు. రెండో కన్ను బాగుంటే పిల్లలు ఏ ఇబ్బందీ చెప్పరు. మెదడు బాగున్న కంటితోనే చూడడం అలవాటు చేసుకుని, రెండోదాన్ని వదిలేస్తుంది. దీన్నే మందదృష్టి అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు అద్దాలు పెట్టి, బాగున్న కన్నును రోజుకు కొన్ని గంటలు మూసి ఉంచితే రెండో కన్ను తేరుకుంటుంది. వయసు పెరిగినకొద్దీ ఫలితం తగ్గుతుంది. మెల్లకన్ను అదృష్టమని నవ్వి ఊరుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మెల్ల ఈ మందదృష్టికి పెద్ద కారణం, దాన్ని చూపించడం వాయిదా వెయ్యకండి. ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలుంటే ఇంకొక గుర్తు చూడండి: ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే, ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కంటి క్యాన్సర్ మొదటిసారి అలాగే బయటపడవచ్చు.

ఇంట్లో పరీక్షకు గోడ మీది క్యాలెండరు చాలు. పిల్లను గదికి ఆ చివర నిలబెట్టి, ఒక్కో కన్నూ మూయించి, తేదీ అంకెలు, వాటి కింద తిథి అక్షరాలు చదివించండి. ఎంత దూరం చదివిందన్నది కాదు, రెండు కళ్ళకూ మధ్య తేడా ఉందా అన్నది చూడండి. బోర్డు చూసేటప్పుడు కళ్ళు చికిలించడం, తల ఒక పక్కకు వాల్చడం, పక్కవాడి నోటుబుక్కులోంచి ఎక్కించుకోవడం, టీవీకి అడుగు దూరంలో కూర్చోవడం, ఇవన్నీ చూపు తగ్గిందనడానికి గుర్తులే, పొగరుకు కాదు. సందెవేళ గడప తట్టుకుని, వస్తువుల కోసం తడుముకుంటుంటే రేచీకటేమో చూపించండి, మునగాకు, ఆకుకూరలు, గుడ్డు కంచంలో ఉంచండి.

మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఉచితంగా కళ్ళు పరీక్షించే కంటి వెలుగు పథకం 2019 అక్టోబరులో బడిపిల్లలతోనే మొదలైంది. అప్పుడు ఒకటో తరగతిలో అద్దాలు తీసుకున్న పిల్ల ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చేసింది. అవే అద్దాలు ఇంకా వాడుతున్నవారు, బీరువాలో దాచినవారు ఇద్దరూ ఉన్నారు. ఎదిగే వయసులో ఏడాదికోసారి పవర్ చూపించాలి. ఆడపిల్లకు అద్దాలు వద్దు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అని ముగ్గురు తల్లులు నాతో అన్నారు. ఆ తల్లుల మీద గౌరవం తగ్గకుండానే చెబుతున్నాను, ఆ పిల్లలకు ఈ రోజు బోర్డు కనపడడం లేదు.

మధ్యలో మామూలు సంగతులు: మొదటి పరీక్షల జవాబు పత్రాలు శనివారం వస్తాయి, సంతకం చేసి సోమవారం పంపండి. 15న జెండా వందనం 8 గంటలకు. భోజనం పళ్ళాల మీద పేర్లు రాయించండి. ఖోఖో అమ్మాయిలు మండల స్థాయిలో గెలిచారు, జిల్లాకు వెళ్తున్నారు, వాళ్ళ కెప్టెన్ బూట్లు లేకుండా ఆడి గెలిపించింది, బూట్లు బడే కొంటోంది.

ఇక చెవి. పిల్లల చెవిపోటు రెండు రకాలు. చెవి దొప్పను పట్టి లాగినా, చెవి రంధ్రం ముందున్న చిన్న మిట్టను నొక్కినా పిల్ల కెవ్వుమంటే జబ్బు బయటి గొట్టంలో ఉంది. పిన్నీసులు, పుల్లలు, బడ్స్ తిప్పడం వల్ల గీరుకుపోయి, చెరువులో ఈతకొట్టాక నీరు నిలిచి వస్తుంది. విపరీతమైన దురద, తడిసిన కాగితంలాంటి తెల్లటి పొరలు, వాటి మీద నల్ల చుక్కలు ఉంటే బూజు పట్టిందని అర్థం. చెవిపోటుకని మనం పోసే కాచిన కొబ్బరినూనె ఆ తడికి తోడయితే పరిస్థితి ఇంకా చెడుతుంది. లాగితే నొప్పి లేకుండా, జలుబు చేసిన రెండు మూడు రోజులకు అర్ధరాత్రి పోటు, జ్వరం వస్తే జబ్బు కర్ణభేరి లోపల ఉంది. ముక్కునూ చెవినీ కలిపే గొట్టం పిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు తేలిగ్గా లోపలికి ఎక్కుతుంది. రాత్రంతా ఏడ్చిన పిల్ల తెల్లవారుజామున నిద్రపోతుంది, తలగడ మీద చీము మరక ఉంటుంది, నొప్పి మాయం. తగ్గిందనుకుంటారు. అది కర్ణభేరి చిరిగి, లోపలి ఒత్తిడి తగ్గడం. చాలావరకు ఆ చిరుగు దానంతటదే పూడుతుంది, తడి తగలకూడదంతే. స్నానానికి ముందు వాజలిన్ రాసిన దూది చెవిలో పెట్టండి, డాక్టరు చెప్పని చుక్క ఏదీ వెయ్యొద్దు. రెండు వారాలు దాటి కారుతున్నా, చీము కంపు కొడుతున్నా లోపలి ఎముక తినేస్తున్న జబ్బేమో చూపించాలి. చెవి వెనుక వాపు వచ్చి దొప్ప ముందుకు నెట్టినట్టున్నా, చెవి నొప్పితోపాటు వాంతులు, కళ్ళు తిరగడం, మూతి ఒక పక్కకు లాగడం ఉన్నా ఆ పూటే ఆసుపత్రి.

నొప్పి ఉన్న చెవి ఎలాగోలా డాక్టరు దాకా వెళ్తుంది. నొప్పి లేనిదాని కోసమే నేను బతిమాలుతున్నాను. జలుబులు తగ్గాక కర్ణభేరి వెనుక జిగురులాంటి ద్రవం నిలిచిపోతుంది. జ్వరం ఉండదు, చీము ఉండదు. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పాఠం విన్నట్టుంటుంది ఆ పిల్లకు. వర్షం పడే రోజు రేకుల కప్పు కింద వెనక బెంచీలో కూర్చుంటే టీచర్ మాటల్లో సగం అందవు. డిక్టేషన్లో "పలక" అంటే "చిలక" అని రాస్తుంది. పిలిస్తే పలకదు, "ఆఁ?" అని మళ్ళీ అడుగుతుంది, టీవీ సౌండ్ పెంచుతుంది, ముఖం చూస్తూ మాట్లాడితే మాత్రం అన్నీ అర్థమవుతాయి. ఆ పిల్లకు మనం పెట్టే పేర్లు మొద్దు, పరధ్యానం, తల పొగరు. బడిలో మేమూ పెట్టాం, అందుకు సిగ్గుపడుతున్నాను. పైగా వినిపించుకోలేదని చెంప మీద కొడతారు. అరచెయ్యి చెవి మీద పడితే లోపలికి ఒక్కసారిగా నెట్టుకెళ్ళిన గాలికి కర్ణభేరి చిరుగుతుంది. వినపడక దెబ్బ తిన్న పిల్లకు ఆ దెబ్బతో ఉన్న వినికిడి కూడా పోతుంది. ఏ తప్పుకైనా, ఏ ఇంట్లోనైనా, చెవి మీద చెయ్యి పడకూడదు. ఇది నేను మర్యాదకు చెబుతున్న మాట కాదు.

పరీక్ష ఇలా చెయ్యండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పిల్ల వెనుక చెయ్యి చాపినంత దూరంలో నిలబడండి. ఒక చెవి ముందున్న మిట్టను వేలితో నొక్కి మెల్లగా రుద్దుతుండమనండి. మీరు ఊపిరి పూర్తిగా వదిలాక, గుసగుసగా అంకెలు, అక్షరాలు కలిపి మూడు చెప్పండి, "నాలుగు, క, ఏడు" లాగా. తిరిగి చెప్పలేకపోతే వేరే మూడు చెప్పండి. ఆరింట్లో మూడు కూడా అందకపోతే చెవి డాక్టరుకు చూపించండి. జిగురు నీరు చాలామందికి మూడు నెలల్లో పోతుంది, పోకపోతే చిన్న గొట్టం అమర్చే ఆపరేషన్ ఉంది. అప్పటిదాకా ముందు బెంచీ ఇస్తాం, చీటీ రాసి పంపండి చాలు.

చెవిలో శనగగింజ దూరితే నీళ్ళు పోయకండి, ఉబ్బి బిగుస్తుంది. బతికున్న పురుగైతే, చెవి కారే జబ్బు లేని పిల్లకు మాత్రమే, కాచని నూనె నాలుగు చుక్కలు వేసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. బొమ్మల్లో ఉండే బటన్ బ్యాటరీ చెవిలోనో ముక్కులోనో పడితే గంటల్లోనే కాలి పుండు పడుతుంది, ఏమీ వెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి. గుబిలి తనంతట తానే బయటికి వస్తుంది, బడ్స్ దాన్ని లోపలికి కూరుతాయి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఈ నెల 22న మన ఎయిడెడ్ బడికి వస్తోంది. కళ్ళు, చెవులు రెండూ ఉచితంగా చూస్తారు, అవసరమైనవారిని జిల్లా కేంద్రానికి పంపుతారు. పాత అద్దాలు, పాత మందు చీటీలు సంచిలో పెట్టి పంపండి. కాటుక వద్దు. ముందు రోజు రాత్రి చెవిలో నూనె పోయకండి, పోస్తే డాక్టరు గారికి కర్ణభేరి కనిపించదు, పిల్లను వెనక్కి పంపాల్సి వస్తుంది.

మీ ప్రధానోపాధ్యాయురాలు