చీమల బారు మీద మందు కొట్టకు, తల్లీ

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సుజాతకు,
కవిటి నుంచి అమ్మ దీవించి రాస్తున్నది.

రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. బాబు కెవ్వుమన్నాడని, దీపం వేసి చూస్తే వాడి మెడ కింద చీమలు పాకుతున్నాయని, దిండు ఎత్తితే గోడ వరకు బారు తీరి ఉన్నాయని నువ్వు చెబుతుంటే నా ఒళ్లు జలదరించింది. ఆ కంగారులోనే "చీమల పొడి తెప్పించి మంచం చుట్టూ చల్లెయ్యి" అన్నాను. ఆ మాట తప్పు. పొద్దున ఫోను చేసి "చల్లకు" అని చెప్పాను గానీ, ఎందుకో చెప్పేలోపు బాబు లేచాడు. ఇలాంటివి ఫోనులో సగం వినపడతాయి, సగం మరిచిపోతాం. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు బాబు సంగతి. ఒంటి మీద ఒక్క దద్దూ లేదన్నావు, ఆ తల్లి పైడిమాంబ దయ. పాకినందుకే బెదిరి ఏడ్చి ఉంటాడు. కక్కిన పాలు మెడ మడతల్లో ఎండిపోయి ఉంటాయి, చీమ వచ్చేది ఆ వాసనకే. పడుకోబెట్టే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో మెడ, చెవుల వెనక, గుప్పిళ్ల లోపల తుడువు. దిండు గలీబు రోజూ మార్చు. మంచాన్ని గోడ నుంచి జానెడు ఇవతలికి లాగు. దుప్పటి కొసలు, దోమతెర కొసలు నేలకు తగలకుండా పరుపు కిందికి మడిచెయ్యి. మంచం నాలుగు కోళ్ల కింద నాలుగు పాత గిన్నెలు పెట్టి నీళ్లు పోసి, ఒక్కొక్క దాంట్లో గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రెండు చుక్కలు వెయ్యి. ఉత్త నీళ్ల మీద సన్న చీమ తేలిపోతూ దాటేయగలదు, సబ్బు కలిస్తే మునుగుతుంది. ఆ నీళ్లు రోజూ పారబోసి కొత్త నీళ్లు పోస్తుండు, లేకపోతే చీమల బదులు దోమలను పెంచిన వాళ్లమవుతాం. పగలు బాబును కింద వదిలేటప్పుడు గిన్నెలు తీసెయ్యి. ఎప్పుడైనా చీమ కుట్టి, వాడి పెదవులు గాని కనురెప్పలు గాని వాచినా, ఆయాసపడినా, నాకు ఫోను చేయకు. ముందు 108కి చెయ్యి.

ఇక మందు ఎందుకు వద్దన్నానో చెబుతాను.

2018లో నువ్వు విశాఖలో హాస్టల్లో ఉన్నావు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరం దాటింది. కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో, జీడితోటలు ఎలా వేళ్లతో సహా లేచిపోయాయో తర్వాత వచ్చి నువ్వే చూశావు. నీకు చెప్పనిది ఒకటుంది. గాలి వెలిసిన నాలుగో రోజుకు మన ఇల్లంతా చీమలమయమైంది. నేల నానిపోయి పుట్టలన్నీ మునిగాయి. ప్రాణమున్న ప్రతిదీ పొడి చోటు వెతుక్కుంటుంది, ఆ వేళ పొడిగా ఉన్నది మన గదులే. కరెంటు లేదు. కిరసనాయిలు దీపం కింద గచ్చు కదులుతున్నట్టు కనిపించేది. బియ్యం బస్తాలో, చక్కెర డబ్బాలో, మీ నాన్నమ్మ మందుబిళ్లల పెట్టెలో కూడా చీమలే.

దారులు బాగుపడగానే మీ నాన్నగారు సోంపేట వెళ్లి చీమల మందు డబ్బా తెచ్చారు. వంటింటి బారు మీద కొట్టాను. రెండు నిమిషాల్లో అన్నీ చచ్చాయి, నాకు పండగలా అనిపించింది. మర్నాడు దేవుడి గూటి దగ్గర ఒక బారు, స్నానాలగది గడప దగ్గర ఒకటి, స్విచ్చిబోర్డు వెనక నుంచి ఒకటి బయలుదేరాయి. మూడింటి మీదా కొట్టాను. అవి అయిదయ్యాయి. అలా మూడు వారాలు కొట్టాను, తల్లీ. ఆ ఘాటుకు మీ నాన్నమ్మకు దగ్గు పట్టుకుని రాత్రంతా కూర్చునేవారు. ఆ దగ్గు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

మన పక్కింటాయన, నీకు పెదనాన్న వరస అవుతారు, వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మనిషి. ఆయన వచ్చి పీట వేసుకుని గంటసేపు ఏమీ మాట్లాడకుండా బారునే చూశారు. వెళ్లేటప్పుడు డబ్బా నా చేతిలోంచి తీసుకుని చెప్పిన మాట ఇది. నీ కంటికి కనిపించేవి తిండికి బయలుదేరినవి మాత్రమే, గూటిలో రాణులు, పిల్లలు, వాటిని సాకేవి అన్నీ క్షేమంగా ఉన్నాయి. పైగా ఈ రకానికి ఒక్క రాణి కాదు, ఎందరో రాణులుంటారు. మందు ఘాటు తగిలితే గూడు బెదిరి, ఒక్కొక్క గుంపు ఒక్కొక్క రాణిని వెంటబెట్టుకుని విడిపోతుంది. ఒక్క కాపురం నాలుగు కాపురాలవుతుంది. అంటే ఆ మూడు వారాలూ నేను నా చేతులతోనే చీమలను ఇల్లంతా పంచిపెట్టాను.

నువ్వు రాత్రి చెప్పిన పోలికలు అవే: నువ్వు గింజకన్నా చిన్నవి, లేత పసుపు, కడుపు కొస మాత్రం నల్లగా. దీన్ని ఫారో చీమ అంటారు. వెచ్చదనం, తేమ ఉన్న గోడ సందుల్లో, స్విచ్చిబోర్డుల వెనక కాపురం పెడుతుంది. ఆసుపత్రుల్లో దీనితో పెద్ద తలనొప్పి అట, కట్టు కట్టిన పుండు తడికి కూడా చేరుతుందని ఆయన చెప్పారు. మన జీడితోటల్లో ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు వేరు. అవి కుడితే ప్రాణం పోయినట్టుంటుంది గానీ, జీడిపూతను మాడ్చే టీ దోమ అనే పురుగును పట్టి తింటాయి. వాటి జోలికి వెళ్లొద్దని మీ తాతగారు కూలీలతో చెప్పేవారు.

ఇప్పుడు చేయవలసింది రాస్తున్నాను. మందుల షాపులో బోరిక్ పొడి అడుగు. చిన్న టీ గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో రెండున్నర టీ చెంచాల పంచదార కరిగించు. అందులో బోరిక్ పొడి పావు టీ చెంచా, అంటే ఒక గ్రాము, వేసి బాగా కలుపు. అంతకు మించి వేయకు. త్వరగా పోతాయని నేను మొదటిసారి చెంచాడు వేశాను, రుచి చూసిన చీమలు రుచి చూసిన చోటే పడిపోయాయి, ఇంటికి ఒక్కటీ చేరలేదు. ఈ మందు నెమ్మదిగా పనిచేయడమే మనకు కావలసింది. సీసా మూతల్లో దూది ఉండలు పెట్టి ఆ నీళ్లతో తడిపి, బారు పక్కనే పెట్టు. బాబు చేయి అందే చోట ఒక్కటీ ఉండకూడదు. కిటికీ పైగట్టు మీద, ఫ్రిజ్ వెనక, అలమర పైఅరలో పెట్టు. స్విచ్చిబోర్డు దగ్గర తడి వద్దు, దానికి కాస్త దూరంగా బారు దిగే దారిలో పెట్టు.

మొదటి రోజు మూత చుట్టూ చీమలు గుంపుగా ముసురుతాయి. చూడలేవు. తుడిచేయాలనిపిస్తుంది. నేను రెండు గంటలకే మూత తీసి పెరట్లో పారేస్తే, ఆ పక్కింటి పెదనాన్న కోప్పడకుండా మళ్లీ పెట్టించారు. తుడవకు, ఊదకు, మందు కొట్టకు. దూది ఎండితే తడుపు, రెండు రోజులకొకసారి కొత్తది పెట్టు. తీపి ముట్టకపోతే వాటికి ఆ రోజుల్లో నూనె, మాంసం వంటివి కావాలన్నమాట, పిల్లలు పెరిగేటప్పుడు అలా రుచి మారుతుందట. అప్పుడు కొంచెం వేరుశనగ ముద్దలో ఇదే పొడి చిటికెడు కలిపి పెట్టు. మూడు నాలుగు రోజులకు బారు పలచబడుతుంది, పూర్తిగా ఆగడానికి మూడు వారాలు పట్టవచ్చు. మనకు అప్పట్లో పంతొమ్మిది రోజులు పట్టింది, క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నాను.

అది ఎలా పనిచేస్తుందో విన్నప్పుడు నా మనసు చివుక్కుమంది. చీమ కడుపులో రెండు సంచులుంటాయట. ఒకటి తనకు, రెండోది ఇంటికి. దొరికిన తీపిని రెండో సంచిలో మోసుకెళ్లి, ఎదురైన చీమ నోటికి నోరు పెట్టి పంచుతుంది. ఆ చీమ ఇంకో దానికి, అది పిల్లలకు, చివరికి రాణికి. ఇంటి వాళ్లకు పెట్టందే తినని ఆ గుణం మీదే మనం మందు పెడుతున్నాం. పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి పెట్టక తప్పదు. అందుకే చెబుతున్నాను, ఇంట్లోకి వచ్చిన వాటికే పెట్టు. వాకిట్లో, పెరట్లో పుట్టలు కనిపించినా వాటి దగ్గర పెట్టకు. మీ నాన్నమ్మ రోజూ బియ్యప్పిండితో ముగ్గు వేసేవారు, వాకిట్లో చీమలు దాన్ని తింటుంటే కాలు పక్కకు పెట్టి నడవమనేవారు. ఇప్పుడు అందరం రాతి పొడి చల్లుతున్నాం. నీకు తీరిక దొరికిన రోజున పిడికెడు బియ్యప్పిండి వెయ్యి.

ఆ నాన్నమ్మే ధాన్యం గాదె కింద గమాక్సిన్ అనే పురుగుల మందు పొడి చల్లేవారు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో అదే. వేళ్లకు అంటుకున్న పొడిని చీర చెంగుకు తుడుచుకుని నిన్ను ఎత్తుకునేవారు, నేనూ చూస్తూ ఊరుకునేదాన్ని, తెలియక. 1997లో దాన్ని మన దేశంలో నిషేధించారు. అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుందని, గడ్డి మేసే ఆవు పాలలోకీ, తల్లి పాలలోకీ చేరుతుందని తెలిశాక నేను ఎన్ని రాత్రులు కుమిలిపోయానో మీ నాన్నగారికి కూడా తెలియదు. ఇవాళ దొరికే పొడులు అది కావు. అయినా నువ్వు పాలిచ్చే తల్లివి, వాడు నేల మీద పారాడి చేతులు నోట్లో పెట్టుకునే వయసు వాడు. రాత్రి నా నోట మళ్లీ "పొడి చల్లు" అనే మాట వచ్చినందుకే నిద్ర పట్టలేదు.

చీమలకు దారి ఎక్కడో చూశావా? బారును వెనక్కి చూసుకుంటూ వెళ్లు, గోడ దిగే చోటు దొరుకుతుంది. విజయనగరంలో మీ పూల్‌బాగ్ ఇంటి కిటికీకి ఆనుకుని మందార చెట్టు ఉందన్నావు కదా, ఆకుల అడుగున, మొగ్గల దగ్గర తెల్లగా దూదిలా ఏదైనా పట్టి ఉందేమో చూడు. అది పిండినల్లి. దాని ఒంట్లోంచి కారే తీపి బంక కోసం చీమలు దాన్ని ఆవును కాసినట్టు కాస్తాయి. ఫారో చీమ గోడల్లోంచే వస్తుంది గానీ, వేరే రకాలకు ఆ కొమ్మే వంతెన. ఇంటివారిని అడిగి గోడకు తగిలే కొమ్మలు కొట్టించు, పిండినల్లిని సబ్బు నీళ్లతో కడుగు. బారు పూర్తిగా ఆగిన తర్వాతే పగుళ్లకు సిమెంటు పెట్టించు. ముందే పూడిస్తే అవి ఇంకో గదిలో తేలతాయి. చీమ వెళ్లిన దారిలో వాసన వదిలి వెళుతుంది, వెనకవి ఆ వాసన పట్టుకునే వస్తాయి. అందుకని అన్నీ అయ్యాక సబ్బు నీళ్లతో ఆ దారి అంతా గట్టిగా తుడువు. పసుపు గీతలు, కర్పూరం వల్ల బారు పక్కకు తిరుగుతుంది, అంతే.

బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, ఇంకో నాలుగు రోజులు వానలు ఉండేటట్టున్నాయి. గట్టు మీద నీళ్లు, ఎంగిలి గిన్నెలు రాత్రి ఉంచకు. అల్లుడుగారికి చెప్పు, నువ్వు బాబుతో ఉంటే గిన్నెలు ఆయన కడగవచ్చు, తప్పేమీ లేదు.

మీ ఊళ్లో పైడిమాంబ సిరిమాను పండక్కి మేమిద్దరం వస్తాం. దసరా వెళ్లిన మంగళవారం కాబట్టి ఆదివారమే సోంపేటలో రైలెక్కుతాం. జీడిపప్పు, కొబ్బరికాయలు తెస్తున్నాను. బెల్లం మాత్రం ఈసారి తేను, బారు ఆగాక మీ నాన్నగారితో పంపిస్తాను.

ఇట్లు,
మీ అమ్మ

మరిచాను. కలిపిన నీళ్లు మిగిలితే దాచకు, పారబోసి గ్లాసు కూడా పారెయ్యి. చూడటానికి అచ్చం పంచదార నీళ్లలాగే ఉంటాయి. ఏ నీళ్ల సీసాలోనూ పోయకు. బోరిక్ పొడి పొట్లం మీద ఎర్ర సిరాతో "విషం" అని పెద్ద అక్షరాలతో రాసి, దేవుడి అలమర పైన తాళం ఉన్న అరలో పెట్టు. ఉప్పు డబ్బాల పక్కన పెట్టకు తల్లీ.